సీయూఈటీ పీజీ ఇంగ్లీష్: తేదీల వరస దగ్గర బోల్తా పడకుండా రాయడం ఎలా?

ఎం.ఏ. ఇంగ్లీష్ సీటు కోసం సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు పెట్టే ఉమ్మడి ప్రవేశపరీక్ష) రాసే పిల్లల్ని, ఆ పరీక్ష మొదలైన 2022 నుంచీ చూస్తున్నాను. నవలలు ఇష్టంగా చదివినవాళ్లు, కవిత చేతికిస్తే చక్కగా విప్పి చెప్పగలవాళ్లు కూడా ఒకే చోట కాలు జారుతున్నారు. మిగతా పనులు గబగబా చెప్పేసి, ఆ చోటు దగ్గర ఆగుతాను.

మొదట కాగితాల పని. దరఖాస్తులో పేపరు పేరు సరిగ్గా ఎంచుకోండి. అడ్మిట్ కార్డు, అసలు గుర్తింపు కార్డు, ఫొటో ముందురోజు రాత్రే ఒక కవర్లో పెట్టుకోండి. రఫ్ కాగితం హాల్లోనే ఇస్తారు. ఇంకో సంగతి: ఈ పరీక్ష రాసినంత మాత్రాన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసినట్టు కాదు. అక్కడి అడ్మిషన్‌కి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఏటా ఎవరో ఒకరు ఇది మరిచిపోయి మంచి మార్కులు చేతిలో పెట్టుకుని ఏడుస్తారు.

ఇక హాల్లో మొదటి చుట్టు. 2025లో అయితే 75 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. మీ ఏడాది లెక్క ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో చూసుకోండి. చూడగానే తెలిసిన ప్రశ్నలు 35 నిమిషాల్లో పూర్తవ్వాలి. కవితో వచనభాగమో ఇస్తే ముందు దాన్నే రెండుసార్లు చదవండి, తర్వాతే ప్రశ్నలు. ప్రశ్నలు ముందు చదివి జవాబు కోసం కవితలో వెతకమని కొందరు నేర్పుతారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు కవిత చదివితే అందులోని వెటకారం ఒక్కటీ కంటికి ఆనదు. నా దగ్గర ఆ పద్ధతి కుదరదు.

ఇక అసలు చిక్కు: ‘కాలక్రమంలో అమర్చండి’. నాలుగు పుస్తకాల పేర్లిచ్చి ఏది ముందో ఏది తర్వాతో అడుగుతారు. మన పిల్లలు దీనికి చేసే సన్నాహం ఏమిటంటే, వందలకొద్దీ తేదీలున్న పీడీఎఫ్ ఒకటి సంపాదించి ఎక్కాల్లా వల్లెవేయడం. హాల్లోకి వెళ్లేసరికి 1817 ఏదో 1818 ఏదో కలగాపులగం అయిపోతుంది. నాలుగు తేదీలూ తెలిస్తేనే జవాబు పెట్టాలన్న భ్రమలో ప్రశ్న వదిలేసి వస్తారు.

నాలుగూ తెలియక్కర్లేదు. ఒకటి గట్టిగా తెలిస్తే సగం పని అయినట్టే. ఎందుకంటే మీరు వరస తయారు చేయడం లేదు, వాళ్లు తయారుచేసిన నాలుగు వరసల్లోంచి ఒకటి ఏరుతున్నారు. కాబట్టి పుస్తకాల జాబితా మీద కాదు, కింది ఆప్షన్ల మీద కళ్లు పెట్టండి.

నేను కట్టిన ఉదాహరణ చూడండి. ఎ: ది ప్రెల్యూడ్. బి: ఫ్రాంకెన్‌స్టైన్. సి: లిరికల్ బ్యాలడ్స్. డి: సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్. ఆప్షన్లు ఇవి:
1) డి, సి, ఎ, బి
2) సి, డి, బి, ఎ
3) డి, సి, బి, ఎ
4) సి, డి, ఎ, బి

బ్లేక్ రాసిన సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్ 1789, లిరికల్ బ్యాలడ్స్ 1798. ఈ రెంటిలో ఏది ముందో తెలిస్తే చాలు, 2, 4 ఎగిరిపోతాయి. మిగిలింది 1కి, 3కి మధ్య. అక్కడే గొయ్యి ఉంది. వర్డ్స్‌వర్త్ ప్రెల్యూడ్‌ని 1805కే ఒక రూపానికి తెచ్చాడని క్లాసులో విన్నవాడు, ఫ్రాంకెన్‌స్టైన్ 1818 కదా అని 1 నొక్కుతాడు. బాగా చదివినవాడే ఇక్కడ పడతాడు. అడిగింది ప్రచురణ క్రమమైతే ప్రెల్యూడ్ వచ్చింది 1850లో, కవి పోయాక. జవాబు 3.

అందుకే తేదీల పట్టికకు బదులు ఒక్క పేజీ రాసుకోమంటాను: రాసినవాళ్లు పోయాక అచ్చయిన పుస్తకాలు. సిడ్నీ 1586లో పోతే అపాలజీ ఫర్ పొయెట్రీ 1595లో వచ్చింది. మార్లో 1593లో పోతే డాక్టర్ ఫాస్టస్ 1604లో అచ్చయింది. షెల్లీ 1821లో రాసిన డిఫెన్స్ ఆఫ్ పొయెట్రీ 1840 దాకా బయటికి రాలేదు. హాప్‌కిన్స్ 1889లో పోయాడు, కవితల పుస్తకం 1918లో. హాప్‌కిన్స్‌ని చాలామంది ఆధునికుల పక్కన చదవడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం. ఈ పేజీ నోటికొస్తే పీడీఎఫ్ చింపేయొచ్చు. ప్రశ్నలో ‘ప్రచురణ’ అన్నారా, ‘రచన’ అన్నారా, నాటకమైతే ‘ప్రదర్శన’ అన్నారా అన్నది మాత్రం వేలు పెట్టి చదవండి.

సాహిత్య సిద్ధాంతాల (థియరీ) పుస్తకాలైతే తేదీకన్నా ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో చూడండి. సయీద్ ఓరియంటలిజం (1978) లేకుండా హోమీ భాభా లొకేషన్ ఆఫ్ కల్చర్ (1994) ఊహించలేం. జవాబు ప్రశ్నకన్నా ముందు రాదు కదా. భారతీయుల ఇంగ్లీష్ రచనలకు మూడు గుంజలు పాతుకోండి: 1905 గోల్డెన్ థ్రెషోల్డ్, 1938 కాంతాపుర, 1981 మిడ్‌నైట్స్ చిల్డ్రన్. మొదటిది సరోజినీ నాయుడు తొలి సంపుటి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆవిడ ఇంటికీ అదే పేరు. సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది ఆ ఇంట్లోనే. అక్కడ సీటు కావాలంటూ 1905 తెలియదంటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు ఆప్షన్లు కొట్టేశాక కూడా తేలకపోతే? పెట్టేయండి. అలాంటివి రెండు పెడితే సగటున ఒకటి ఒప్పు, ఒకటి తప్పు: వచ్చేది 4, పోయేది 1. నెగెటివ్ మార్కుల భయంతో ఇవి వదిలేసేవాళ్లకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినా నమ్మరు. జతపరిచే ప్రశ్నలకూ ఇదే మందు: తెలిసిన ఒక్క జత పట్టుకోండి, అది లేని ఆప్షన్లు కొట్టేయండి.

చివరి పది నిమిషాలు. కంప్యూటర్ తెర మీద ప్రశ్నల నంబర్ల గడులు చూడండి. ఆకుపచ్చ గడి అంటే జవాబు సేవ్ అయింది. వంకాయ రంగు గడి రెండు రకాలు: జవాబు పెట్టి రివ్యూకి ఉంచితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, జవాబు లేకుండా ఉంచితే సున్నా. తేడా ఒక చిన్న ఆకుపచ్చ గుర్తు, జవాబు పెట్టినదాని మీదే ఉంటుంది. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి.

తర్వాత. ప్రాథమిక కీ (పరీక్ష పెట్టినవాళ్లు ముందుగా ఇచ్చే జవాబుల జాబితా) వచ్చాక మీ జవాబులతో పోల్చుకోండి. కీ తప్పనిపిస్తే ప్రశ్నకింత అని ఫీజు కట్టి అభ్యంతరం పెట్టొచ్చు. అప్పుడు మాత్రం కోచింగ్ నోట్సు జతచేయకండి. లైబ్రరీకి వెళ్లి, మొదటి ముద్రణ ఏడాది ఉన్న పేజీ ఫొటో తీసి పంపండి.