ఐసీయూ రోగిని తొలిసారి మంచం మీద లేపి కూర్చోబెట్టడం ఎలా?

వెంటిలేటరు మీద ఉన్న రోగి కండరాలు మనం అనుకునే దానికంటే చాలా వేగంగా కరిగిపోతాయి. 2013లో లండన్ పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలో, తొడ ముందుభాగపు కండరం పరిమాణం పది రోజుల్లోనే దాదాపు 18 శాతం తగ్గినట్టు తేలింది. అందువల్ల రోగి పరిస్థితి కాస్త నిలకడపడగానే కదిలించే పని మొదలుపెట్టాలి తప్ప, వార్డుకు మారాక చూద్దామని వాయిదా వేయకూడదు.

తొలి అడ్డంకి చాలాసార్లు జబ్బు కాదు, మత్తుమందు. డాక్టరు దాన్ని తగ్గించాక, పిలిస్తే రోగి కళ్లు తెరుస్తున్నారా, చెయ్యి నొక్కమంటే నొక్కుతున్నారా అని చూడాలి. 2009లో అమెరికాలో 104 మందిపై జరిగిన అధ్యయనంలో, మత్తుమందును రోజూ ఆపి చూస్తూనే తొలి రోజుల నుంచి వ్యాయామం చేయించిన వారిలో 59 శాతం మంది ఆసుపత్రి విడిచేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మత్తుమందును అలాగే రోజూ ఆపి చూసినా, వ్యాయామం మాత్రం మామూలు పద్ధతిలోనే సాగిన వారిలో అది 35 శాతమే.

తర్వాత మానిటరు చూడాలి. ఇచ్చే ఆక్సిజన్ 60 శాతం మించకుండా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి తగ్గకుండా, శ్వాస నిమిషానికి 30 లోపు, గుండె వేగం 130 లోపు, సగటు రక్తపోటు (మానిటరులో MAP అని కనిపించే అంకె) 65కు పైన ఉంటే సాధారణంగా ముందుకు వెళ్లవచ్చు. అయినా ఐసీయూ డాక్టరు అనుమతి తప్పనిసరి. రక్తస్రావం ఆగనివారిని, మెదడులో ఒత్తిడి పెరిగినవారిని, వెన్నెముక విరిగి ఇంకా స్థిరపరచనివారిని లేపకూడదు.

అసలు శ్రమంతా గొట్టాలు సర్దడంలోనే ఉంది. నోటి గొట్టం (వెంటిలేటరు నుంచి నోటి ద్వారా శ్వాసనాళంలోకి వెళ్లేది) పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు వద్ద ఉందో చూసి రాసుకోవాలి. రోగి ఏ వైపు దిగుతారో ఆ వైపుకే వెంటిలేటరును, సెలైన్ స్టాండును జరపాలి. యూరిన్ బ్యాగును ఖాళీచేసి, మూత్రాశయం కంటే కిందనే ఉండేలా అదే వైపు తగిలించాలి. ఒక మనిషిని నోటి గొట్టం పట్టుకోవడానికే కేటాయించాలి, ఆ మనిషి మరి దేన్నీ పట్టుకోకూడదు.

"అమ్మా, ఇప్పుడు కాళ్లు కిందికి దించుతాం, మేం పట్టుకునే ఉన్నాం" అని ముందే చెప్పాలి. మగతలోంచి అప్పుడే తేరుకుంటున్న మనిషికి ఆ మాట ఎంతో ధైర్యం. తల వైపు మంచాన్ని మెల్లగా ఎత్తి, పక్కకు తిప్పి, కాళ్లు దించి కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు గానీ స్టూలుకు గానీ ఆనాలి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే బీపీ చూడాలి. కూర్చున్న చోటే మోకాలు చాపలేని రోగిని ఆ రోజు నిలబెట్టవద్దు. చాపగలిగితే నిలబడటం, ఉన్నచోటే అడుగులు వేయడం, ఆపై కుర్చీ. రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి తగ్గినా, గుండె లయ మారినా, ఛాతీ నొప్పి వచ్చినా, రోగి వద్దన్నా వెంటనే పడుకోబెట్టాలి.

ఎంత ఎక్కువ చేయిస్తే అంత మేలని మాత్రం అనుకోవద్దు. 750 మందితో జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, మామూలుగా చేయించే దానికంటే ఎక్కువ కదిలించడం వల్ల అదనపు లాభం కనిపించలేదు, పైగా ప్రతికూల ఘటనలు పెరిగాయి. ఎంతసేపు కూర్చున్నారు, ఎందరు పట్టుకోవలసి వచ్చింది, ఎందుకు ఆపారు అన్నవి కేస్‌షీటులో రాస్తే, మరుసటి షిఫ్టువారు అక్కడినుంచే కొనసాగిస్తారు.