పెద్ద నల్లంచిని పాటతో గుర్తుపట్టడం ఎలా?

ఉగాది దగ్గర పడిందంటే చాలు, బెంగళూరులో తెల్లవారుజామున వినబడే ప్రతి పాటనూ మనవాళ్లు కోయిల ఖాతాలో వేసేస్తారు. వాటిలో కొన్ని పెద్ద నల్లంచి (ఇంగ్లీషులో మ్యాగ్‌పై రాబిన్) అనే పిట్టవి. కన్నడిగులు మడివాళ హక్కి అనేది దీనినే.

ఒక నోటుపుస్తకం, పెన్సిలు, ఉంటే బైనాక్యులర్ తీసుకోండి. కెమెరా ఇంట్లోనే ఉండాలి. మార్చి నుంచి జూలై మధ్య, తెల్లవారకముందే బయలుదేరండి. లాల్‌బాగ్ మంచిదే కాని, నడకకు వచ్చినవారి కబుర్లు లేని జయనగరం చెట్ల వీధులే నయం.

మగపిట్ట సుమారు 19 సెంటీమీటర్లుంటుంది. తల, వీపు, రొమ్ము నీలి మెరుపున్న నలుపు. పొట్ట, రెక్కమీది చార, తోక అంచులు తెలుపు. ఆడదానికి నలుపు బదులు బూడిద రంగు. మామూలు నల్లంచికి పొట్ట తెల్లగా ఉండదు, తోక కింద ఇటుక రంగు ఉంటుంది.

అందరూ తప్పేది పాట దగ్గరే. ఈ పిట్ట ఇతర పక్షుల కూతలను అనుకరించి తన ఈలల మధ్య కలుపుతుంది కనుక, మొదటి ముక్క వినగానే పేరు రాసుకోవద్దు. నేనే ఒకసారి మూడు పిట్టలని రాసుకుని, వెలుగు వచ్చాక చూస్తే, ఎదురింటి నీళ్లట్యాంకు గొట్టంమీద గొంతు ఉబ్బించి, పాటపాటకూ తోక విప్పి ముడుస్తూ ఒక్కటే కనిపించింది. అందుచేత కదలకుండా ఐదు నిమిషాలు వినండి. కోయిల ఒకే కూతను హెచ్చిస్తూ పోతుంది. పెద్ద నల్లంచి ఒకే చోట కూర్చుని ముక్క ముక్కకూ వరుస మారుస్తుంది. చోటు మారకుండా పాట మారుతున్నదా అన్నదే మీరు పట్టుకోవలసిన గుర్తు. ఫోన్ యాప్ పేరు చెబుతుందేమో కాని, చెవికి ఏమీ నేర్పదు.

అదే ఫోనులో దాని పాటను వినిపించడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. తన హద్దులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని, మేత మాని, లేని శత్రువును వెతుక్కుంటూ అలసిపోతుంది. పాట ఆగి, గరగరమని కర్కశమైన అరుపు వస్తే అది హెచ్చరిక: దగ్గరలో పిల్లి ఉన్నదో, లేక మీరే గూటికి మరీ దగ్గరగా వచ్చారో. వెంటనే నాలుగడుగులు వెనక్కు వేయండి. చెట్టు తొర్రలోనో గోడ కన్నంలోనో ఆడపిట్ట ఒక్కతే గుడ్లు పొదుగుతూ ఉండవచ్చు. ఆ కన్నంలోకి టార్చి వేసి చూడవద్దు.

ఉదయం తప్పిపోతే, మధ్యాహ్నం వెతకడం దండగ. పొద్దుగూకే వేళకు అదే వీధికి వెళ్లండి.