చిన్న ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్కలు: ఏం చూడాలి, ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి

అమెరికాలో చిన్న ఊళ్ళో ఇల్లు కొన్నవాళ్ళు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు విప్పి చూస్తే, చాలా రాష్ట్రాల్లో అందులో పెద్ద వాటా బడిదే. ఆ పన్ను ఎంత వేయాలో, ఆ డబ్బుతో ఏం చేయాలో తేల్చేది స్కూల్ బోర్డు, అంటే ఊళ్ళో మీతోపాటు ఉండే ఐదుగురో ఏడుగురో. వాళ్ళ మీటింగ్‌కి తలుపులు తెరిచే ఉంటాయి. ఎప్పుడు వెళ్ళాలో, ఏ కాగితం అడగాలో తెలియకే చాలామంది ఆగిపోతారు.

డిస్ట్రిక్ట్ అనగానే మన జిల్లా, డీఈఓ, ఎంఈఓ గుర్తుకొస్తే ఆ బొమ్మ పక్కన పెట్టండి. చాలా రాష్ట్రాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సొంత సరిహద్దులు, సొంత ఎన్నికలు, సొంత పన్ను ఉన్న ఓ చిన్న ప్రభుత్వం. జార్జియా, ఫ్లోరిడా లాంటి చోట్ల ఎక్కువగా కౌంటీ మొత్తం ఒకే డిస్ట్రిక్ట్. హవాయిలో రాష్ట్రమంతా కలిపి ఒక్కటే. 1939-40లో దేశంలో 1,17,000కు పైగా డిస్ట్రిక్ట్‌లు ఉండేవి. విలీనాలు జరుగుతూ జరుగుతూ ఇప్పుడు 13,000 దగ్గరకొచ్చాయి. చిన్న డిస్ట్రిక్ట్‌లో బడ్జెట్ మాట ఎత్తగానే గొంతులు పెరిగేది అందుకే. అంకెల వెనక "మన బడి మన ఊళ్ళోనే ఉంటుందా" అన్న భయం ఉంటుంది.

బోర్డు ఏం చేస్తుంది, ఏం చేయదు

బోర్డు సభ్యులు ఎక్కువ చోట్ల ఎన్నికై వస్తారు, జీతం ఉండదు. వాళ్ళ పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు: నియమాలు పెట్టడం, బడ్జెట్‌ను ఆమోదించడం, సూపరింటెండెంట్‌ను నియమించి ఆయన పనిని చూడటం. రోజువారీ నడక అంతా సూపరింటెండెంట్ చేతిలో ఉంటుంది. మరీ చిన్న డిస్ట్రిక్ట్‌లో ఆయనే ప్రిన్సిపల్ కూడా కావచ్చు.

మీటింగ్ బయట ఒక సభ్యుడికి విడిగా ఏ అధికారమూ ఉండదు. అందుకని టీచర్‌తో ఇబ్బంది వస్తే ముందు టీచర్, తర్వాత ప్రిన్సిపల్, ఆపైన సూపరింటెండెంట్, చివర్లో బోర్డు. ఈ వరుస దాటి, తెలిసిన సభ్యుడికి ఫోన్ చేసి మొత్తం చెప్పేస్తే నష్టం మీకే. రేపు అదే విషయం అప్పీలుగా బోర్డు ముందుకొస్తే, ముందే ఒక పక్షం విన్నందుకు ఆ సభ్యుడు తప్పుకోవాల్సి రావచ్చు. మీకు అండగా నిలిచే ఓటు అలా పోతుంది.

డబ్బు వచ్చే దారులు

మూడు: రాష్ట్రం, స్థానిక పన్ను, ఫెడరల్ ప్రభుత్వం. దేశం మొత్తమ్మీద మొదటి రెండూ దాదాపు సమానం, ఫెడరల్ వాటా పదో వంతుకు అటూ ఇటూ. మీ డిస్ట్రిక్ట్‌లో నిష్పత్తి దీనికి చాలా దూరంగా ఉండొచ్చు. ముందు దాన్ని కనుక్కోండి, ఎందుకంటే ఏ వైపు నుంచి దెబ్బ తగులుతుందో అదే చెబుతుంది.

స్థానిక పన్నును చాలా రాష్ట్రాల్లో మిల్లుల్లో లెక్కేస్తారు. పన్ను విలువలో ప్రతి 1,000 డాలర్లకు ఒక డాలర్ అయితే అది ఒక మిల్లు. టెక్సస్‌లో మాత్రం 100 డాలర్లకు ఇంత అని చెబుతారు. ఒహాయోలో మార్కెట్ విలువలో 35 శాతాన్నే పన్ను విలువగా తీసుకుంటారు. 1,80,000 డాలర్ల ఇంటికి అది 63,000. మీకు వర్తించే రేటు 30 మిల్లులైతే బిల్లు 1,890 డాలర్లు. ఒక్క మిల్లు పెరిగితే మీ మీద పడేది ఏడాదికి 63 డాలర్లు.

ఇదే లెక్కను డిస్ట్రిక్ట్ వైపు నుంచి చేసి చూడండి. పొలాలు, పాత ఇళ్ళు తప్ప పెద్ద ఫ్యాక్టరీ లేని చోట మొత్తం పన్ను విలువ 5 కోట్ల డాలర్లు అనుకుందాం. ఒక మిల్లుకు వచ్చేది 50,000 డాలర్లు. మాల్‌లు, ఆఫీసులు ఉన్న శివారు డిస్ట్రిక్ట్‌కి ఆ విలువ 100 కోట్లైతే అదే మిల్లుకు 10 లక్షల డాలర్లు. రెండు చోట్లా ఇంటివాళ్ళు భరించే రేటు ఒకటే, పిల్లలకు అందేది ఒకటి కాదు. ఈ తేడా ఫెడరల్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చేసింది. అప్పట్నుంచీ ఈ పోరాటం రాష్ట్రాల కోర్టుల్లోనే సాగుతోంది.

ఇళ్ళ విలువ పెరిగింది కదా, బడికి డబ్బే డబ్బు అనుకోవడం పొరపాటు. ఒహాయోలో 1976 చట్టం ప్రకారం, రీవాల్యుయేషన్‌లో విలువలు పెరిగితే ఓటర్లు ఆమోదించిన పన్ను రేటు ఆ మేరకు దిగుతుంది. వసూలు దాదాపు అక్కడే ఉంటుంది, ఖర్చులు మాత్రం ఆగవు. అందుకే బోర్డు మళ్ళీ మళ్ళీ ఓటర్ల ముందుకొస్తుంది. అది దుబారాకు గుర్తు కానక్కర్లేదు. న్యూయార్క్‌లో వసూలు పెంపుకు 2 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అది ఆధారంగా పరిమితి ఉంటుంది. అది దాటాలంటే 60 శాతం ఓట్లు కావాలి.

పన్నెండు మంది పిల్లలు

రాష్ట్రం ఇచ్చే సొమ్ము పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. లెక్కించే పద్ధతి రాష్ట్రానికో రకం. మిషిగన్‌లో అక్టోబర్ మొదటి బుధవారం లెక్కకు ఎక్కువ బరువు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో సగటు హాజరు లెక్కలోకి వస్తుంది, అంటే జ్వరాల సీజన్‌లో పిల్లలు మానేసినా ఆదాయం తగ్గుతుంది.

400 మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో పన్నెండు మంది వెళ్ళిపోయారనుకోండి. తలకు 8,000 డాలర్లు వస్తుంటే 96,000 పోయినట్టు. కానీ ఆ పన్నెండు మంది కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా తలా ఒక క్లాసులో ఉంటారు. ఏ టీచర్‌నీ తీసేయలేరు, ఏ బస్సునూ ఆపలేరు, బాయిలర్ అంతే గ్యాసు తాగుతుంది. ఆదాయం ఒకేసారి తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. చిన్న డిస్ట్రిక్ట్ కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. కాబట్టి బడ్జెట్ కన్నా ముందు క్లాసుల వారీ పిల్లల సంఖ్య, ఐదేళ్ళది అడగండి. కిండర్‌గార్టెన్‌లో 22 మంది చేరుతూ పన్నెండో తరగతి నుంచి 35 మంది వెళ్తుంటే, రాబోయే ఏళ్ళ కథ ముందే తెలిసినట్టు.

దీనికి తోడు, ప్రత్యేక అవసరాలున్న ఒక్క బిడ్డకు బయటి సంస్థలో చదువు అవసరమైతే, ఆ ఒక్క ఖర్చే ఒక టీచర్ జీతాన్ని మించొచ్చు. ఆ సేవ ఇవ్వడం చట్టబద్ధ బాధ్యత, ఇవ్వాల్సిందే. 1975 చట్టంలో కాంగ్రెస్ దీనికోసం దేశ సగటు తలసరి ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామంది, ఏ ఏడాదీ అంత ఇవ్వలేదు. ఆ లోటుకు తప్పుబట్టాల్సింది కాంగ్రెస్‌నే. మీటింగ్‌లో ఎవరైనా ఆ కుటుంబం వైపు వేలు చూపిస్తే అడ్డుచెప్పండి.

ఏ డబ్బు దేనికి

ప్రతి డాలరుకూ ఒక పెట్టె ఉంటుంది. బాండ్ల డబ్బుతో బిల్డింగ్ కట్టొచ్చు, టీచర్ల జీతాలు ఇవ్వకూడదు. భోజనాల ఫండ్ భోజనాలకే. టైటిల్ వన్ డబ్బు (పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు వచ్చే ఫెడరల్ సాయం) అదనపు సాయానికే తప్ప, రాష్ట్ర, స్థానిక డబ్బుతో నడవాల్సిన పనికి బదులు వాడకూడదు. "కొత్త జిమ్ కట్టారు, మ్యూజిక్ టీచర్‌ని తీసేశారు" అన్న కోపానికి జవాబు ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఫెడరల్ వైపు పల్లె బడుల కోసమే ఒక పథకం ఉంది. సగటు హాజరు 600 లోపు ఉన్న డిస్ట్రిక్ట్, లేదా అది విస్తరించిన ప్రతి కౌంటీలోనూ చదరపు మైలుకు పది మంది కన్నా తక్కువ జనాభా ఉన్న డిస్ట్రిక్ట్, పల్లె ప్రాంతంగా గుర్తింపు కూడా ఉంటే దానికి అర్హత. అప్లికేషన్ ఏటా వేయాలి. ఆఫీసులో ఉన్న ఒక్క మనిషి సెలవులో ఉండి గడువు దాటిపోవడం జరగరానిదేం కాదు, వేశారా అని అడగండి. అందరూ కలిసి వాడుకునే సేవలకు న్యూయార్క్‌లో బోసెస్, టెక్సస్‌లో ఇరవై ప్రాంతీయ సర్వీస్ సెంటర్లు, అయోవాలో ఏఈఏలు ఉన్నాయి. స్పీచ్ థెరపిస్ట్‌ను వారానికి రెండు రోజులు పంచుకునేది ఇలాంటి వాటి ద్వారానే.

ఒకసారి వచ్చే డబ్బుతో ఏటా ఇవ్వాల్సిన జీతాలు మొదలుపెట్టడం పదే పదే జరిగే తప్పు. కోవిడ్ కాలంలో వచ్చిన ఫెడరల్ సొమ్ము చివరి విడతను 2024 సెప్టెంబర్ 30లోపు కేటాయించేయాల్సి ఉండేది. దానితో పిల్లలకు సలహాలిచ్చే కౌన్సెలర్లను పెట్టుకున్న చోట ఆ తర్వాత పోస్టులకు దిక్కు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆడిట్ రిపోర్టులో ఒక పేజీ

ఏటా బయటి ఆడిటర్ రిపోర్టు వస్తుంది. మొత్తం చదవలేకపోతే రెండు చోట్లు చూడండి. జనరల్ ఫండ్‌లో, అంటే రోజువారీ ఖర్చుల పెట్టెలో, ఏడాది చివరి నిల్వ మూడేళ్ళుగా ఎటు పోతోంది? పన్ను ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, జీతాలు నెలనెలా ఇవ్వాలి. నిల్వ కరిగితే మధ్యలో అప్పు చేసి వడ్డీ కట్టాలి. న్యూయార్క్‌లో ఏ పనికీ కేటాయించని నిల్వ బడ్జెట్‌లో 4 శాతం దాటకూడదు, అంటే పదిహేను రోజుల ఖర్చు.

రెండోది, విధుల విభజన లేదన్న వ్యాఖ్య. చెక్కు రాసేదీ, పుస్తకాల్లో ఎక్కించేదీ, బ్యాంకు లెక్క సరిచూసేదీ ఒక్కరే అయితే ఆడిటర్ అది రాస్తాడు. చిన్న ఆఫీసుల్లో ఇది మామూలే, అయినా వదిలేయదగ్గది కాదు. మరో మనిషిని పెట్టుకునే స్తోమత లేకపోతే, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను ముందుగా సూపరింటెండెంటో, ఒక బోర్డు సభ్యుడో విప్పి చూసి సంతకం పెట్టడం చవకైన మందు.

ఎప్పుడు వెళ్ళాలి

చాలా రాష్ట్రాల్లో ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. బడ్జెట్ ఆమోదం మే, జూన్‌లలో. అప్పుడు వెళ్తే ఆలస్యమైనట్టే, ఎందుకంటే ఖర్చులో సుమారు ఎనభై శాతం జీతాలూ బెనిఫిట్లే, వాటి నిర్ణయాలు అంతకుముందే అయిపోతాయి. కాలిఫోర్నియాలో టీచర్లకు లేఆఫ్ నోటీసు మార్చి 15 లోపే వెళ్ళాలి. మీ ప్రశ్న జనవరి, ఫిబ్రవరి మీటింగుల్లో వినపడాలి.

ఎజెండా ముందే వెబ్‌సైట్లో పెడతారు. అందులో కన్సెంట్ ఎజెండా అనే భాగం చూడండి. పది అంశాలను కట్టగట్టి చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదిస్తారు. అక్కడ "సిబ్బంది నివేదిక" కింద ఒక రాజీనామా ఉంటుంది. ఆ పోస్టు మళ్ళీ నింపుతారో లేదో ఆ వరుసలో ఉండదు. కోతలు చాలాసార్లు అలాగే నిశ్శబ్దంగా జరుగుతాయి. మీటింగ్‌కి ముందే ఒక సభ్యుడికి రాసి ఆ అంశాన్ని విడిగా చర్చకు తీయమనండి.

మాట్లాడటానికి ఎక్కువ చోట్ల మూడు నిమిషాలే. పేరు చెప్పి, ఒక్క అంశమే ఎత్తి, జవాబు ఏ తేదీకి కావాలో చెప్పి కూర్చోండి. బోర్డు అక్కడికక్కడే జవాబివ్వకపోతే నొచ్చుకోవద్దు, ఎజెండాలో లేని విషయం చర్చించడానికి కొన్ని రాష్ట్రాల చట్టం ఒప్పుకోదు. సిబ్బంది, కోర్టు కేసుల విషయాలకు తలుపులు మూసుకున్నా, తుది ఓటు సాధారణంగా అందరి ముందే జరగాలి. మర్నాడే అదే ప్రశ్నను సూపరింటెండెంట్‌కి ఈమెయిల్ చేయండి, కావాల్సిన కాగితాన్ని పేరుపెట్టి అడగండి: గత మూడేళ్ళ ఆడిట్, ఈ నెల చెక్కుల జాబితా, క్లాసుల వారీ సంఖ్య. "బడ్జెట్ వివరాలన్నీ" అని అడిగితే ఆ ఒక్క గుమాస్తా నెలంతా అదే పనిలో ఉండాలి, మీకు అందేది ఎక్కడ మొదలెట్టాలో తెలియని ఓ కాగితాల కట్ట.