సర్వర్ స్లో అంటే ముందు సర్వర్‌ను చూడొద్దు: చిన్న డేటా సెంటర్లలో సమస్యలు - పరిష్కారాలు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు చుట్టుపక్కల కాలేజీలు, నర్సింగ్ హోములు, రైస్ మిల్లుల సర్వర్ రూములు చూసుకోవడం నా పని. డేటా సెంటర్ అని బోర్డు ఉంటుంది కానీ చాలాచోట్ల అది మెట్ల కింద గదే. ఈ మధ్య వీటన్నిటిదీ ఒకే కథ. టేబుళ్ల కింద వరసగా ఉన్న ఐదారు టవర్ సర్వర్లను తీసేసి, రెండు ర్యాక్ సర్వర్ల (హోస్టుల) మీద వర్చువల్ మెషీన్లుగా, అంటే ఒకే యంత్రంలో విడివిడి కంప్యూటర్లలా నడిచే వీఎంలుగా పెట్టాం. స్టోరేజీకి ఒకటి, ఆఫీసుకు ఒకటి, ఫోన్లకు ఒకటి అని విడివిడిగా ఉన్న నెట్‌వర్కులను ఒకే 10 గిగాబిట్ స్విచ్‌లోకి తెచ్చాం. బ్యాకప్‌ను క్లౌడ్‌కు పంపాం.

ఆ తర్వాతే ఫోన్లు మొదలయ్యాయి. ఇదివరకు అకౌంట్స్ సర్వర్ స్లో అయితే దాని ముందు కూర్చుంటే సగం పని అయ్యేది. ఇప్పుడు నొప్పి ఒక చోట, దెబ్బ ఇంకో చోట. వీఎం నీరసంగా ఉంటే కారణం దాని కిందున్న హోస్టులో ఉండొచ్చు, హోస్టు కిందున్న డిస్కులో ఉండొచ్చు, ఆఖరికి గదిలోని ఏసీలో కూడా ఉండొచ్చు. అందుకే నేను కరెంటు, చల్లదనం, డిస్కు, నెట్‌వర్క్, హోస్టు, వీఎం అనే వరసలో కిందినుంచి పైకి వెళ్తాను. కింద రాసినవన్నీ నాకు వచ్చిన ఫోన్లే. పేర్లు మాత్రం రాయను.

"మధ్యాహ్నం కాంగనే అన్నీ ఒక్కసారే పండుకుంటున్నయ్ సార్"

ఒక్క వీఎం కాదు, అన్నీ కలిసి మందగిస్తే లోపల వెతకడం దండగ. గది తలుపు తీసి చెయ్యి పెట్టి చూడండి. నల్లగొండలో మే నెల ఎండ ఎట్లుంటదో చెప్పనక్కర్లేదు. సర్వర్లకు లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అది బాగా దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆరు డబ్బాల పని రెండిట్లోకి తెచ్చాం కాబట్టి వేడి కూడా ఆ రెండు చోట్లే పోగవుతుంది.

ఏసీ సైజు తక్కువై ఇలా జరగడం అరుదు. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడి లాగుతుంది, మన రెండు హోస్టులకు అది చాలు. అసలు సంగతి ఏమిటంటే సర్వర్లు యూపీఎస్ మీద ఉంటాయి, ఏసీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, ఏసీ మాత్రం ఎవరో రిమోట్ నొక్కే దాకా లేవదు. ఆ రిమోట్ మేనేజర్ సార్ సొరుగులో ఉంటుంది, సార్ భోజనానికి వెళ్లి ఉంటారు. ఆటో రీస్టార్ట్ ఉన్న ఏసీ పెట్టండి, దాన్ని జనరేటర్ లైన్‌కు కలపండి. హోస్టు మేనేజ్‌మెంట్ పోర్టులో (దూరం నుంచి హోస్టును చూసుకునే సాకెట్) ఉష్ణోగ్రత అలర్టు పెడితే, గది కాలకముందే మీ ఫోన్ మోగుతుంది.

"కాంట కాడ స్లిప్పు వస్తలేదు"

ఇది మిర్యాలగూడ వైపు ఒక మిల్లు. వానాకాలం వడ్లు వస్తున్న రోజులు, గేటు బయట లారీల వరస. ధర్మకాంట దగ్గర బరువు ఎక్కించి ఎంటర్ నొక్కితే స్లిప్పు రావడానికి నిమిషం పడుతోంది. డ్రైవర్లు దిగి కిటికీ దగ్గరికి వచ్చి కేకలు. ఓనర్ నాతో అన్న మొదటి మాట: "ర్యామ్ పెంచుదామా తమ్మీ?"

హోస్టు తెరిచి చూస్తే సీపీయూ పది శాతం, ర్యామ్ సగం ఖాళీ. డిస్కు లేటెన్సీ (అడిగాక జవాబుకు పట్టే సమయం) మాత్రం 90 మిల్లీసెకన్ల దగ్గర ఊగుతోంది. 20 దాటితేనే నేను అనుమానిస్తాను. డిస్కులన్నీ పచ్చ లైటుతోనే ఉన్నాయి. రెయిడ్ కార్డు (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) లాగ్‌లోకి వెళ్తే, మూడు వారాల కింద ఒక చిన్న లైను ఉంది: బ్యాటరీ ఫెయిల్, రైట్ త్రూకు మార్పు.

రెయిడ్ కార్డులో కొంత క్యాష్ మెమరీ ఉంటుంది. మామూలుగా, రాయమన్నది అందులోకి రాగానే కార్డు "రాసేశాను" అని చెప్పి, తర్వాత నింపాదిగా డిస్కులకు పంపుతుంది. ఇది రైట్ బ్యాక్. మధ్యలో కరెంటు పోయినా క్యాష్‌లోది పోకుండా కాపాడేది ఆ బ్యాటరీయే. బ్యాటరీ చచ్చిపోతే కార్డు జాగ్రత్తపడి, డిస్కు మీద నిజంగా రాశాకే జవాబిస్తుంది, ఇదే రైట్ త్రూ. అప్పుడు డిస్కుల అసలు బలం బయటపడుతుంది. 7,200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు సుమారు 80 చిల్లర పనులు చేయగలదు. నాలుగు డిస్కులకు 320. రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక) ఒక్కో చిన్న రాతకు నాలుగు డిస్కు పనులు అవసరం కాబట్టి చేతికి మిగిలేది సెకనుకు 80 రాతలే. దాని మీద ఐదు వీఎంలు.

అలాంటప్పుడు బ్యాటరీ లేకపోయినా రైట్ బ్యాక్‌లోనే ఉంచే సెట్టింగ్ ఒకటి కనిపిస్తుంది. చెయ్యి అటే లాగుతుంది, ముట్టుకోవద్దు. ఒక్కసారి కరెంటు పోతే డేటాబేస్ సగం రాసి సగం రాయక చెడిపోతుంది. లారీలు గంట ఆగడం వేరు, సీజను లెక్కలు పోవడం వేరు. ఆ పూటకు నేను చేసింది ఒక్కటే: పగలు నడుస్తున్న బ్యాకప్ జాబును రాత్రికి మార్చి, కాంట వీఎం డిస్కును ఖాళీగా ఉన్న ఒక ఎస్‌ఎస్‌డీ జత మీదికి జరిపాను. స్లిప్పులు రావడం మొదలైంది. బ్యాటరీ హైదరాబాద్ నుంచి రెండో రోజు వచ్చింది. దాన్ని మార్చడానికి కవర్ తీస్తే లోపలంతా తవుడు దుమ్ము, ఫ్యాన్ రెక్కల మీద వేలితో పేరు రాయొచ్చు. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, దుమ్ముకు వేడి పెరుగుతుంది. మిల్లులో మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టించడం ఇప్పుడు నా ఒప్పందంలో ఒక లైను.

"ఎనిమిది కోర్లు ఇచ్చినం, అయినా అట్లనే ఉంది"

ఇచ్చినందుకే అట్లుంది. బస్సులో ఎనిమిది మందిమి ఒకేసారి కలిసి కూర్చుంటాం అంటే ఎంతసేపు ఆగాలో ఆలోచించండి. ఇద్దరైతే వచ్చిన బస్సు ఎక్కేస్తారు. అసలు కోర్లు 16 ఉన్న హోస్టు మీద ఎనిమిది కోర్ల వీఎంలు ఆరు పెడితే, ఒకదాని కోసం ఒకటి క్యూలో నిలబడతాయి. వీఎం లోపల టాస్క్ మేనేజర్‌లో ఈ క్యూ కనబడదు.

వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ అయితే సీపీయూ రెడీ (కోరు కోసం వీఎం క్యూలో ఆగిన సమయం) అనే అంకె చూడండి. రియల్ టైమ్ గ్రాఫ్ 20 సెకన్లకు ఒక లెక్క ఇస్తుంది, ఆ మిల్లీసెకన్లను 200తో భాగిస్తే శాతం వస్తుంది. దాన్ని మళ్లీ వీఎం కోర్ల సంఖ్యతో భాగించండి. ఒక్కో కోరుకు ఐదు శాతం దాటితే కోర్లు తగ్గించాలి, పెంచకూడదు. వీఎంవేర్ లాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్ మీద లినక్స్ వీఎం అయితే టాప్ కమాండ్‌లో స్టీల్ అనే కాలమ్ ఇదే కథ చెబుతుంది. నేను ప్రతి వీఎంను రెండు కోర్లతో మొదలుపెడతాను. ఆఫీసుల్లో చాలావాటికి అదే ఎక్కువ.

"అన్నీ ఆగిపోయినయ్, రీస్టార్ట్ కూడా అయితలేవు"

డేటాస్టోర్, అంటే వీఎంల ఫైళ్లుండే చోటు, నిండింది. దాదాపు ప్రతిసారీ దోషి, ఎవరో అప్‌డేట్‌కు ముందు తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. తీసిన క్షణం నుంచి జరిగే మార్పులన్నీ పక్కన ఒక ఫైల్‌లో పేరుకుంటూ పోతాయి. 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ వాళ్లే చెబుతారు, నేను ఆరు నెలలది చూశాను. దానికి తోడు థిన్ డిస్కులు, అంటే ముందే చోటు పట్టకుండా వాడినకొద్దీ పెరిగేవి: ఉన్నది 2 టీబీ, అందరికీ కలిపి రాసిచ్చింది 5 టీబీ.

ముందు ఐఎస్‌ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేసే సీడీల కాపీలు), అక్కర్లేని పాత వీఎం తీసి కాస్త చోటు చేయండి. ఆ తర్వాతే స్నాప్‌షాట్ డిలీట్, ఎందుకంటే దాన్ని కలపడానికి కూడా చోటు కావాలి. అది గంటలు పట్టినా మధ్యలో ఆపొద్దు. 80 శాతానికి అలర్టు పెట్టండి.

"పేరు వస్తది, ఫోటో రాదు"

పాలమూరులో ఒక నర్సింగ్ హోం. స్కానింగ్ రూంలో పేషెంట్ల జాబితా టక్కున తెరుచుకుంటోంది. పేరు మీద నొక్కితే స్కాన్ బొమ్మ రాదు, గుండ్రం తిరుగుతూనే ఉంది. ముందురోజు రాత్రి పిడుగుపాటుకు స్విచ్ కాలితే, అక్కడి కుర్రాడు అలాంటిదే కొత్తది తెచ్చి తీగలు గుచ్చాడు. "అన్నీ పింగ్ అయితున్నయ్ అన్నా, నెట్‌వర్క్ మంచిగనే ఉంది" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు.

జాబితా ఉన్నది వీఎం సొంత డిస్కులో. బొమ్మలు ఉన్నది స్టోరేజీ బాక్సులో, ఆ దారిలో హోస్టు, వీఎం, స్టోరేజీ అన్నిటికీ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 పెట్టి ఉంది, అంటే పెద్ద ప్యాకెట్లు. పాత స్విచ్‌లోనూ అదే సెట్ చేసి ఉంది. కొత్త స్విచ్ డబ్బాలోంచి వచ్చినట్టే 1500 మీద ఉంది. చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవాటిని స్విచ్ చప్పుడు లేకుండా పారేస్తుంది. మామూలు పింగ్ చిన్నదే కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

పరీక్ష ఇలా: ముక్కలు చేయొద్దు అనే ఆప్షన్‌తో 8972 బైట్ల పింగ్ కొట్టండి. 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 పోగా మిగిలేది అదే. 1472 పోయి 8972 పోకపోతే దారిలో ఎక్కడో ఎంటీయూ తేడా ఉంది. స్విచ్‌లో 9216 పెట్టాం, బొమ్మ వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఇంత చిన్న చోట్ల అసలు జంబో ఫ్రేములే (ఈ పెద్ద ప్యాకెట్లే) వద్దు. వచ్చే లాభం కొద్ది, స్విచ్ మారిన రోజు వచ్చే తలనొప్పి పెద్దది. పెట్టి తీరాలంటే స్విచ్ కాన్ఫిగరేషన్ కాపీ ఒకటి వేరే చోట దాచండి.

అన్నీ ఒకే స్విచ్‌లో కలిపాక వచ్చే ఇంకో ఆపద లూప్. క్లాస్‌రూంలో ఎవరో వేలాడుతున్న తీగను పక్కనున్న సాకెట్లో గుచ్చుతారు, ప్యాకెట్లు అందులోనే గిరగిరా తిరిగి పెరిగిపోతాయి. ఇదివరకు అయితే ఆ ల్యాబ్ ఒక్కటే పడిపోయేది. ఇప్పుడు ఆ తుఫాను స్టోరేజీ నడిచే తీగ మీదికే వస్తుంది, అన్ని వీఎంలూ కలిసి వణుకుతాయి. వీఎల్యాన్ (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు) వేరు చేశాం కదా అంటారు. వీఎల్యాన్ పేర్లను వేరు చేస్తుంది, తీగ ఒకటే కదా. ల్యాబ్ పోర్టుల మీద బీపీడీయూ గార్డ్ (లూప్ కనబడితే పోర్టును మూసేది), స్టార్మ్ కంట్రోల్ (ఆ తుఫానును ఆపేది) పెట్టండి. వీలైతే స్టోరేజీకి హోస్టు నుంచి వేరే పోర్టు జత ఇవ్వండి. రెండు 10 గిగాబిట్ తీగలు ఎల్‌ఏసీపీతో (తీగలను జతచేసే పద్ధతి) కలిపితే ఒక కాపీ 20 గిగాబిట్‌తో పోదు, ఒక సంభాషణ ఒక తీగ మీదే నడుస్తుంది. ఫైబర్ ఛానల్‌ను (పెద్ద డేటా సెంటర్లలో స్టోరేజీకి వాడే నెట్‌వర్క్) ఈథర్‌నెట్ మీద నడిపే కన్వర్జ్‌డ్ కార్డులు అమ్మజూస్తే వద్దనండి. ఆ ఫైబర్ ఛానల్ ఫ్రేములు 2,148 బైట్ల దాకా ఉంటాయి, 1500లో పట్టవు, ఒక్కటి కూడా జారకుండా చూసే ప్రత్యేకమైన స్విచ్ కావాలి. మనకు మామూలు నెట్‌వర్క్ మీదే నడిచే స్టోరేజీ పద్ధతులు ఐస్కసీ, ఎన్‌ఎఫ్‌ఎస్ చాలు.

"ఒకటి పోతే రెండోది నడుస్తదన్నరు గదా"

ఒకదానికొకటి తోడుగా కలిపిన రెండు హోస్టుల గుంపులో, అంటే క్లస్టర్‌లో, ఒకటి పడితే రెండోదానికి ఉన్నది రెండు ఓట్లలో ఒకటే, మెజారిటీ కాదు. అవతలిది చచ్చిందో, మధ్యలో తీగే తెగిందో దానికి తెలియదు. అందుకే కొత్తగా ఏ వీఎంనూ లేపదు. మూడో ఓటు కావాలి. ప్రాక్స్‌మాక్స్‌లో క్యూడివైస్ (ఆ మూడో ఓటు వేసేది) పెట్టడానికి పాత డెస్క్‌టాప్ అయినా, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ అయినా సరిపోతుంది. దాన్ని ఆ రెండు హోస్టుల్లోనే ఒక వీఎంగా పెట్టేవాళ్లున్నారు, దానితో ఏ ఉపయోగం లేదు.

"పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ కాదు"

రాత్రంతా కరెంటు లేక పొద్దున లేపిన చోట ఇది వస్తే గడియారం చూడండి. డొమైన్ లాగిన్‌కు వాడే కెర్బెరాస్ అనే పద్ధతి ఐదు నిమిషాల తేడాను మించి ఒప్పుకోదు. డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్‌లన్నీ చూసేది) వీఎం టైం కోసం హోస్టును చూస్తుంది, హోస్టు డొమైన్ కంట్రోలర్‌ను చూస్తుంది, మదర్‌బోర్డు సెల్లు అయిపోయి ఇద్దరూ తప్పే. సెల్లు మార్చి, హోస్టులను బయటి టైమ్ సర్వర్‌కు కట్టండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో సరిచూసుకోవాలనే ఉంది, లాగులు 180 రోజులు ఉంచాలని కూడా.

"క్లౌడ్ బ్యాకప్ నాలుగు రోజుల నుంచి 11 శాతం"

లెక్క వేయకుండా మొదలుపెడితే అంతే. 2 టీబీ డేటా 100 ఎంబీపీఎస్ లైను మీద పూర్తి వేగంతో పోయినా 44 గంటలు. మీ ప్లాన్‌లో 100 అన్నది డౌన్‌లోడ్, అప్‌లోడ్ 20 అయితే తొమ్మిది రోజులు దాటుతుంది. ముందు అప్‌లోడ్ స్పీడ్ కొలవండి. మొదటి పూర్తి కాపీని చిన్న వీఎంలతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా రాత్రుళ్లు పంపండి, ఆ తర్వాత రోజూ మారినంత మేరకే పోతుంది.

రీజియన్, అంటే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ఊరు, ఎంచుకునేటప్పుడు, అమెజాన్‌కు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, ముంబయి 2016 నుంచి ఉంది. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. నల్లగొండ నుంచి వంద కిలోమీటర్ల హైదరాబాద్‌కు పోయి రావడానికి ఒక మిల్లీసెకను చాలు. కానీ మీ ఇంటర్నెట్ కంపెనీ దాన్ని చెన్నై మీదుగా తిప్పి పంపితే పక్కూరు కూడా దూరమే. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ వెళ్లే దారి చూపే కమాండ్) కొట్టి చూశాకే నిర్ణయించండి.

టాలీ డేటా క్లౌడ్‌లో, ప్రోగ్రాం ఇక్కడ పెట్టి స్లో అంటే అది ఎప్పటికీ స్లోనే. రెండూ అక్కడే పెట్టి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడండి, అదీ వీపీఎన్ లోపలినుంచి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే పాస్‌వర్డ్ కొట్టి చూసేవాళ్లు క్యూ కడతారు. బిల్లు విషయంలో ఒక మాట: మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో విండోస్ లోపల షట్‌డౌన్ నొక్కితే మీటరు ఆగదు. పోర్టల్‌లో స్టాప్ చేసి, డీఅలొకేటెడ్ అని కనబడాలి. అప్పటికీ డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది.

"ప్రాక్స్‌మాక్స్‌కు మార్చినం, విండోస్‌కు బ్లూ స్క్రీన్"

2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక, డిసెంబర్‌లో శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. అప్పటినుంచి నాకు ఇదే పని ఎక్కువ. మార్చిన విండోస్ వీఎం బూట్ డివైస్ దొరకలేదంటూ నీలం తెర చూపిస్తే, దానికి వర్ట్ఐఓ (ప్రాక్స్‌మాక్స్ వీఎం డిస్కుకు వాడే) డ్రైవర్ లేదని అర్థం. డిస్కును సాటా పద్ధతిలో తగిలిస్తే లేస్తుంది. లేచాక ఒక గిగాబైటు ఉత్త డిస్కును వర్ట్ఐఓగా చేర్చి, డ్రైవర్ వేసి, ఆపి, అసలు డిస్కును కూడా వర్ట్ఐఓకు మార్చండి. నెట్‌వర్క్ కార్డు కొత్తది కాబట్టి పాత ఐపీ ఇవ్వబోతే, అది వేరే కార్డుకు ఉందని విండోస్ అడ్డుపడుతుంది. డివైస్ మేనేజర్‌లో దాగిన డివైసులు చూపించమని, పాత వీఎంవేర్ కార్డును తీసేసి, ఐపీ ఇవ్వండి. నేను ఇదంతా శనివారం సాయంత్రమే పెట్టుకుంటాను, ఆదివారం ఎవరూ ఫోన్ చేయరు.