పాత లేత్ బాగుచేసుకుందాం – 5వ పాఠం: క్రాస్ స్లైడ్‌లో వదులు ఎక్కడుంది?

ఈసారి హెడ్‌స్టాక్, అంటే లేత్‌లో పని ముక్కను తిప్పే పెట్టె, విప్పుదామని చెప్పాను. అది వచ్చే పాఠానికి జరిగింది. పోయిన పాఠంలో, డబ్బాలో సోడా నీళ్లు పోసి, పార్ట్ ముంచి, బ్యాటరీ చార్జర్ కరెంటుతో తుప్పు తీయడం చెప్పాను. అది చదివి పనికి కూర్చున్నవాళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట ఆగిపోయారు. దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, తుప్పు పోయింది గానీ స్లైడ్ మీద గుంటలు పడ్డయి" అన్నాడు. ఫొటో పంపమన్నాను. కాంపౌండ్ స్లైడ్ (టూల్ పోస్ట్ కింద ఉండే చిన్న స్లైడ్) అడుగు భాగం చెదలు తిన్న కట్టెలా ఉంది. చార్జర్ క్లిప్పులు తారుమారయ్యాయి. అందులో అతని తప్పేమీ లేదు. ఏ క్లిప్పు దేనికి కలపాలో నేను ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయాను. ముందు ఆ బాకీ తీర్చి, తర్వాత ఇవాళ్టి పనిలోకి దిగుదాం.

తుప్పు మైనస్‌కు, తుక్కు ప్లస్‌కు. డబ్బా మీద సుద్దతో ఇది రాసుకోండి. బాగుపడాల్సిన పార్ట్ ఎప్పుడూ మైనస్ క్లిప్పుకే. ప్లస్‌కు కట్టిన ఇనుము కరిగిపోతుంది, అందుకే అక్కడ పనికిరాని సలాక ముక్క పెడతాం. ఆ చోట స్టీలు పళ్లెం, స్టీలు గరిటె పెట్టవద్దు. అందులోని క్రోమియం నీళ్లలో కలిసి విషమవుతుంది. కరెంటు బాగా పారుతుందని ఉప్పు వేసినవాళ్లు కూడా ఉన్నారు. ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ పని ఇంకెప్పుడూ చేయవద్దు. బట్టల సోడా చాలు, 10 లీటర్ల నీళ్లకు 50 గ్రాములు. డబ్బా ఆరుబయట పెట్టండి. పార్ట్ మీద లేచే బుడగలు హైడ్రోజన్, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు.

పార్ట్ మీద తెల్లగా సున్నం పొర కట్టిందని నల్లగొండ, మునుగోడు వైపు నుంచి చాలామంది అడిగారు. అది మన బోరు నీళ్ల వల్ల. ఆ నీళ్లలోని కాల్షియం సోడాతో కలిసి సున్నపు పొడిలా విడిపోతుంది. నేను చేసేది చెబుతాను. ముందురోజు రాత్రే బకెట్‌లో సోడా కలిపి కదపకుండా ఉంచుతాను. తెల్లారేసరికి తెల్లటి మడ్డి అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకుని వాడతాను. ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్ కొనాల్సిన పనిలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొత్త ఆటోమేటిక్ చార్జర్లు ఎదురుగా బ్యాటరీ కనబడకపోతే ఆన్ కావు, ట్రాక్టర్ బ్యాటరీలకు వాడే పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ వెతుక్కోండి. అల్యూమినియం డయల్ రింగులు (పిడి వెనక గీతలున్న రింగులు) ఆ నీళ్లలో వేయకూడదు, సోడా వాటిని తినేస్తుంది. నీళ్లలోంచి తీసిన పార్ట్ పది నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతోంది అంటే మీరు ఆలస్యం చేస్తున్నారు. వేడినీళ్లతో కడిగి, ఆ వేడి మీదే తుడిచి, వెంటనే ఆయిల్ పూయాలి. బెడ్ మీద ఎమరీ పేపర్ రుద్దినవాళ్లు ఇక ఆపండి. ఎమరీ రవ్వలు పోత ఇనుములో దిగి అక్కడే ఉండిపోతాయి. పైన టూల్‌ను మోసే శాడిల్ నడిచిన ప్రతిసారీ అవి దాన్ని అరగదీస్తాయి. డీజిల్, గుడ్డ, పడుకోబెట్టి పట్టుకున్న బ్లేడు చాలు.

ఇక క్రాస్ స్లైడ్. శాడిల్ మీద కూర్చుని టూల్‌ను పని ముక్క వైపుకూ వెనక్కూ జరిపే భాగం ఇది.

దాన్ని తుడిచి, మళ్లీ ఎక్కించి, పిడి తిప్పి చూశారు. "పిడి పావు చుట్టు ఖాళీగా తిరుగుతోంది, జిబ్ స్క్రూలు బిగిస్తే సర్దుకుంది" అని కనీసం ఏడెనిమిది మంది చెప్పారు. సర్దుకోలేదు. (జిబ్ అంటే స్లైడ్ గాడిలో వదులు తీసే సన్నటి పట్టీ, దాన్ని నొక్కేవి జిబ్ స్క్రూలు.) ఈ ఒక్క పొరపాటు పాత లేత్‌లను పాడుచేసినంతగా తుప్పు కూడా పాడుచేయదు. అందుకని దీని దగ్గర ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

క్రాస్ స్లైడ్‌లో వదులు మూడు చోట్ల ఉంటుంది. స్లైడ్ తన డవ్‌టెయిల్ గాడిలో పక్కకు, పైకి ఊగడం ఒకటి, దీనికే జిబ్ పట్టీ ఉన్నది. స్లైడ్ కింద ఉన్న గన్‌మెటల్ నట్టుకూ స్క్రూకూ మధ్య మరలు అరిగిపోవడం రెండోది. స్క్రూ మొత్తం తన బ్రాకెట్‌లో ముందుకూ వెనక్కూ జరగడం మూడోది. పిడి ఖాళీగా తిరగడమనేది రెండో, మూడో జబ్బు. జిబ్‌కు దాంతో సంబంధమే లేదు. జిబ్ బిగిస్తే స్లైడ్‌ను చేత్తో ఊపినా కదలదు కాబట్టి గట్టిపడినట్టు అనిపిస్తుంది. పిడి ఖాళీ తిరుగుడు మాత్రం అంతే ఉంటుంది. కావాలంటే డయల్ మీద బిగించకముందు ఎన్ని గీతలో, బిగించాక ఎన్ని గీతలో లెక్కపెట్టండి.

బిగిస్తే నష్టమేంటి అంటారేమో. పిడి చక్రం 12 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఒక చుట్టు తిప్పితే మీ చెయ్యి దాదాపు 38 సెంటీమీటర్లు నడుస్తుంది, స్లైడ్ మాత్రం 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే రాపిడి పోను మిగిలినా మీ చేతి బలం ఎన్నో రెట్లయి స్లైడ్‌ను తోస్తుంది. జిబ్ ఎంత బిగిసిపోయినా చేతికి తెలియదు. ఆ భారమంతా నట్టు మరల మీద పడుతుంది. గన్‌మెటల్ మెత్తటి లోహం, అరిగిపోతుంది. అప్పుడు ప్లే, అంటే ఆ ఖాళీ తిరుగుడు, ఇంకా పెరుగుతుంది, మీరు జిబ్ ఇంకా బిగిస్తారు. ఆరు నెలల్లో నట్టు పోతుంది.

నేను ఈ పాఠం మిర్యాలగూడలో, రైస్ మిల్లు షాఫ్టులు చేసే షాపులో నేర్చుకున్నాను. అప్పటికి చేరి రెండేళ్లే. ఒక షాఫ్టుకు 35 మి.మీ. బేరింగ్ సీటు తిప్పాలి. ఆరడుగుల పాత లేత్, స్లైడ్ వదులుగా ఉందని పొద్దున్నే జిబ్ స్క్రూలు నాలుగూ గట్టిగా బిగించాను. ఫినిషింగ్ కోత దగ్గర పిడి ఒక గీత తిప్పాను, టూల్ కదల్లేదు. ఇంకో గీత తిప్పాను, కదల్లేదు. మూడో గీతకు టక్కుమని చప్పుడైంది, స్లైడ్ ఒక్కసారిగా ముందుకు దూకింది. బేరింగ్ పెట్టి చూస్తే వేళ్లతో తోస్తేనే ఎక్కేసింది, అంటే సీటు సన్నమైపోయింది. కోతల సీజన్, మిల్లు ఆగి ఉంది. ఆ సీటు మీద వెల్డింగ్ పోసి, చల్లారేదాకా ఆగి, మళ్లీ తిప్పేసరికి రాత్రయింది. మిల్లు మనిషి బయట బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. బిగుసుకున్న స్లైడ్ ఇలాగే ప్రవర్తిస్తుంది. స్క్రూ మెలిపడి ఆగుతుంది, ఆగి ఆగి ఒక్కసారే జారుతుంది.

మరి వదులుగా వదిలేయాలా? అదీ కాదు. పార్టింగ్ టూల్‌తో ముక్క కోసేటప్పుడు స్లైడ్ ఊగితే టూల్‌ను పని ముక్క లోపలికి లాగేసుకుంటుంది. టూల్ విరుగుతుంది, లేదా జాబ్ తనను పట్టుకున్న చక్‌లోంచి ఎగురుతుంది. ఇత్తడి మీద ఈ లాగుడు మరీ ఎక్కువ. అందుకని జిబ్‌ను జిబ్ కోసమే, నట్టును నట్టు కోసమే సరిచేయాలి.

వదులు ఎక్కడుందో వేలితో తెలుస్తుంది. చూపుడు వేలు కొనను స్లైడ్‌కూ శాడిల్‌కూ మధ్య అతుకు మీద, సగం ఇటు సగం అటు ఆనేలా పెట్టండి. రెండో చేత్తో టూల్ పోస్ట్ పట్టుకుని చక్ వైపు, దానికి ఎదురు చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు ఊపండి. వేలి కింద మెట్టు పడి లేచినట్టు అనిపిస్తే జిబ్ వదులు. ఆ అతుకులో ఆయిల్ ఉంటే కంటికి కూడా కనిపిస్తుంది, సన్నటి ఆయిల్ గీత లోపలికి పీల్చుకుని మళ్లీ బయటికొస్తుంది. తర్వాత పిడిని తిప్పకుండా మీ వైపు లాగి, అవతలికి తోయండి. పిడీ డయల్ రింగూ కలిసి టక్ టక్ మని జరిగితే బ్రాకెట్‌లో స్క్రూ ఆడుతోంది, రింగు వెనకున్న నట్టు కొద్దిగా బిగిస్తే పోతుంది. ఇవి రెండూ లేకుండా పిడి ఖాళీగా తిరుగుతుంటే ఇక నట్టు మర అరిగినట్టే.

జిబ్ సరిచేయడానికి నా పద్ధతి ఒకటే: స్క్రూ బ్రాకెట్ విప్పి స్క్రూ బయటికి తీసేయండి. పిడి మీద నుంచి సరిచేయడం నాకు నచ్చదు, కారణం ముందే చెప్పాను. స్క్రూ లేని స్లైడ్‌ను అరచేత్తో తోస్తే నిజం తెలుస్తుంది. 68 నంబర్ ఆయిల్ పలచగా పూయండి. స్లైడ్‌వే ఆయిల్ దొరికితే మంచిది, దొరక్కపోతే నేను 68 హైడ్రాలిక్ ఆయిలే వాడతాను. ఇంజన్ ఆయిల్ వద్దు. స్లైడ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తోస్తూ ఎక్కడ అన్నింటికన్నా బిగువుగా ఉందో చూడండి. పాత మెషిన్‌లో మధ్య భాగం అరిగి ఉంటుంది, ఎందుకంటే రోజూ పని జరిగేది అక్కడే. చివర్లు కొత్తగానే ఉంటాయి. కాబట్టి బిగువుగా ఉన్న చోట నిలబెట్టి సరిచేయాలి. మధ్యలో వదులు ఉందని అక్కడ బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. మధ్యకూ చివరకూ తేడా 0.05 మి.మీ. దాటితే అది స్క్రేపింగ్ చేసి (లోహాన్ని చేత్తో కొద్దికొద్దిగా గీకి) తీయాల్సిన జబ్బు, దానికి వేరే పాఠం ఉంది.

బటాలా, లుధియానా, రాజ్‌కోట్ లేత్‌లలో ఎక్కువగా తిన్నటి జిబ్ పట్టీ, పక్కన వరసగా మూడో నాలుగో స్క్రూలు ఉంటాయి. అన్నీ వదులు చేసి, ఒక్కోదాన్ని తగిలీ తగలనట్టు తెచ్చి, స్లైడ్ తోసి చూస్తూ రండి. చేతికి తేనెలో కదిలినట్టు ఉండాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూను స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకోవాలి. నట్టు బిగిశాక మళ్లీ తోసి చూడాలి, సెట్టింగ్ మారి ఉంటుంది. హరిహర్ కిర్లోస్కర్, హెచ్.ఎం.టి. లాంటి బరువు మెషిన్‌లలో ఎక్కువగా ఏటవాలు జిబ్ ఉంటుంది, ఒక చివర లావు, ఒక చివర సన్నం. ముందు సన్నం వైపు స్క్రూ వదులు చేసి, లావు వైపు నుంచి లోపలికి నెట్టి, చివరికి రెండూ ఆనేలా బిగించాలి. ఒకటే బిగించి వదిలేస్తే పనిలో జిబ్ జరిగిపోతుంది.

నట్టు విషయం. ప్లే ఉన్నంత మాత్రాన మంచి పని రాదని కాదు. టూల్‌ను ఎప్పుడూ ముందుకే తెచ్చి ఆపండి, దాటిపోతే ఒక చుట్టు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రండి. నా లేత్‌లో ఇప్పటికీ 0.3 మి.మీ. ప్లే ఉంది, బేరింగ్ సీట్లు తిప్పుతూనే ఉన్నాను. పావు చుట్టు అంటే 5 మి.మీ. పిచ్ మీద 1.25 మి.మీ., అంత ఉంటే మాత్రం కొత్త నట్టు చేయించండి. చేయించే ముందు స్క్రూను నిలువుగా పట్టుకుని చూడండి. మరలు ఎడమవైపుకు ఎక్కుతున్నాయా, కుడివైపుకా? క్రాస్ స్లైడ్ స్క్రూ ఎక్కువగా ఎడమ మర ఉంటుంది, పిడి కుడివైపు తిప్పితే స్లైడ్ అవతలికి పోవాలి కాబట్టి. ఇది చెప్పకుండా షాపులో ఇస్తే కుడి మర కోసిన నట్టు చేతిలో పెడతారు, మెటల్ దండగ. పాత నట్టుతో పాటు స్క్రూ కూడా పట్టుకెళ్లండి.

రైస్ మిల్లుల దగ్గర నుంచి వచ్చిన మెషిన్ అయితే స్క్రూ మర సందుల్లో నల్లటి ముద్ద ఉంటుంది. అది ఊక దుమ్ము, ఆయిల్ కలిసినది. ఊకలో సిలికా ఎక్కువ, అది లోహాన్ని అరగదీసే పదార్థం. సూది మొనతో ఒక్కో మర సందు గీకి తీయండి. కొత్త నట్టు వేసి దీన్ని వదిలేస్తే అదీ పోతుంది.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. ఏ స్క్రూ ముట్టుకోకముందే చేయాలి. 0.01 మి.మీ. డయల్ గేజ్, మ్యాగ్నెట్ స్టాండ్ కావాలి. లేనివాళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినప్పుడు తెచ్చుకోండి. క్రాస్ స్లైడ్ ఒక చివర నుంచి ప్రతి 20 మి.మీ.కు ఒకచోట ఆపి, మూడు కొలతలు తీయండి: టూల్ పోస్ట్ ఊపినప్పుడు ముల్లు ఎంత కదిలింది, పిడి లాగి తోసినప్పుడు ఎంత, పిడి వెనక్కి తిప్పితే ముల్లు కదలకముందు ఎన్ని గీతలు పోయాయి. ప్రతి చోటా మూడుసార్లు తీసి కాగితం మీద పట్టీ గీసి రాయండి. పొద్దున్నే, రేకుల షెడ్డు వేడెక్కకముందు చేయండి. బెడ్ మీద ఒకవైపే ఎండ పడితే అది వంగుతుంది, కొలతలు నమ్మలేం. మర్నాడు అదే వేళకు మళ్లీ మొదటి నుంచి తీయండి. రెండు రోజుల కొలతల మధ్య 0.02 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే స్టాండ్ కదులుతోంది లేదా మీ చేతి ఒత్తిడి మారుతోంది, మూడో రోజూ తీయాలి. ఆ పట్టీ పూర్తయ్యాకే జిబ్ స్క్రూల జోలికి వెళ్లండి.

వచ్చే పాఠం హెడ్‌స్టాక్. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పది, పెయింట్ మార్కర్ ఒకటి, స్పిండిల్ బయటికి తీసేటప్పుడు పట్టుకోవడానికి ఇంకో మనిషి సిద్ధంగా ఉండాలి.