'తొలి మహిళ' అని రాసే ముందు ఏం సరిచూసుకోవాలి

మార్చి 8 దగ్గరపడిందంటే 'తొలి మహిళా పైలట్', 'తొలి మహిళా రేసర్' అన్న వాక్యాలు పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ కుప్పలుగా వస్తాయి. వీటిలో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం వాక్యాలే ఎక్కువ. ఏ పనిలో తొలి, ఏ దేశంలో, ఏ విభాగంలో అన్న ముక్క ఎక్కడో రాలిపోయి ఉంటుంది. వ్యాసమో, వికీ పేజీయో, క్విజ్ ప్రశ్నో రాసేవాళ్లు ముందు ఆ ముక్కను వెతికి పట్టుకోవాలి.

మొదటి పని, ఆమె చేసినదాన్ని మెట్లుగా విడదీయడం. విమానంలో అయితే ప్రయాణికురాలిగా ఎక్కడం, శిక్షకుడి పక్కన కూర్చుని నడపడం, సోలో (ఒంటరిగా నడపడం), లైసెన్సు, జీతానికి నడపడానికి కావలసిన కమర్షియల్ లైసెన్సు, ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం, కెప్టెన్ హోదా. ఒక్కో మెట్టు మీద ఒక్కో పేరు ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన తెరేజ్ పెల్టియే 1908లోనే విమానం నడిపారు. కానీ లైసెన్సు అందుకున్న తొలి మహిళ రేమోండ్ ద లరోష్. 1910 మార్చి 8న వచ్చిన ఆ లైసెన్సు నంబరు 36. అమీలియా ఇయర్‌హార్ట్ అట్లాంటిక్ దాటిన ఏడాది 1928 అని కొందరు, 1932 అని కొందరు రాస్తారు. రెండూ నిజమే: మొదటిసారి ప్రయాణికురాలిగా, రెండోసారి ఒంటరిగా.

మన దగ్గరా ఇదే చిక్కు. 1936లో లైసెన్సు పొందిన సరళా ఠక్రాల్ పేరు పక్కన 'తొలి భారతీయ మహిళా పైలట్' అని కళ్లు మూసుకుని రాసేస్తారు. 1932లోనే లైసెన్సు పొందినట్టు ఉర్మిళా పారిఖ్ పేరు చెప్పే జాబితాలున్నాయి. కాబట్టి లైసెన్సు ఏ రకానిదో, ఏ ఏడాదిదో చెప్పకుండా 'తొలి' అనకండి. కమర్షియల్ పైలట్ల వరుసలో ముందున్నది ప్రేమ్ మాథుర్. 1947లో లైసెన్సు వచ్చాక హైదరాబాద్ కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరారు. దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తొలి మహిళా పైలట్. సంస్థ పేరు తీసేస్తే ఇద్దరి ఘనతా కలగాపులగం అయిపోతుంది.

యుద్ధవిమానాల దగ్గర మరీ జాగ్రత్త. 2016 జూన్ 18న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో యుద్ధవిమాన పైలట్లుగా కమిషన్ (అధికారిగా నియామకం) అందుకున్న మహిళలు ముగ్గురు: అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. తొలి బృందం అంటే ముగ్గురూ. మిగ్-21ను సోలోగా నడిపిన తొలి భారతీయ మహిళ అవని, 2018 ఫిబ్రవరిలో. పగటిపూట యుద్ధ విధులకు ముందుగా అర్హత సాధించింది భావన, 2019 మేలో. ఒక్క పేరే రాయాలనుకుంటే ఏ మెట్టో వాక్యంలోనే చెప్పాలి.

మోటార్ స్పోర్ట్స్‌లో మెట్లు వేరు: ఎంట్రీ, క్వాలిఫై (రేసులో చోటుకు అర్హత), స్టార్ట్, ఫినిష్, పాయింట్లు, గెలుపు. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసులో స్టార్ట్ తీసుకున్న తొలి మహిళ మరియా తెరెసా ది ఫిలిప్పీస్, 1958లో. అదే ఏడాది మొనాకోలో క్వాలిఫై కాలేకపోయారు, దాన్ని లెక్కలో కలపకూడదు. పాయింటు తెచ్చుకున్న మహిళ లెల్లా లొంబార్డి ఒక్కరే. 1975 స్పానిష్ గ్రాండ్‌ప్రీలో ఆరో స్థానానికి ఆమెకు దక్కింది అర పాయింటు. ఘోర ప్రమాదం జరిగి 75 ల్యాపుల రేసును 29వ ల్యాపు దగ్గరే ఆపేయడంతో అందరికీ సగమే ఇచ్చారు. దీన్ని 'ఒక పాయింటు' అని సవరించే ఉత్సాహవంతులు ఉంటారు. 'ఫార్ములా వన్ రేసు గెలిచిన మహిళ' అంటూ డిజైరీ విల్సన్ పేరు కనిపిస్తే, అది 1980లో బ్రాండ్స్ హ్యాచ్‌లో జరిగిన బ్రిటిష్ ఆరోరా సిరీస్ రేసు. కార్లు ఫార్ములా వన్ కార్లే, ప్రపంచ చాంపియన్‌షిప్ మాత్రం కాదు. బైక్ రేసర్ ఐశ్వర్య పిస్సే 2019లో గెలిచింది ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) బాహాస్ ప్రపంచ కప్, మహిళల విభాగం. ఆ చివరి రెండు మాటలు వదిలేయడం వల్ల ఆమెకు అదనంగా ఒరిగేదేమీ లేదు, మీ వాక్యం తప్పవుతుంది, అంతే.

ఇక వెతుకులాట. పేరును కనీసం మూడు రూపాల్లో వెతకండి: పుట్టింటి పేరు, పెళ్లయ్యాక వచ్చిన పేరు, భర్త పేరు. 1930లో ఒంటరిగా విమానంలో ప్రపంచయాత్రకు బయలుదేరిన మిల్డ్రెడ్ బ్రూస్ ఆనాటి పత్రికల్లో 'మిసెస్ విక్టర్ బ్రూస్'గానే దొరుకుతారు. లరోష్ అసలు పేరు ఎలీజ్ దెరోష్.

పాత పత్రికలకు ఆస్ట్రేలియా వారి ట్రోవ్, ఫ్రాన్స్ వారి గాలికా అనే ఆన్‌లైన్ భండారాలు ఉచితం. పత్రిక తేదీ సాధారణంగా సంఘటన మర్నాడిది, సరిచూసుకోండి. ఒకే వార్తాసంస్థ కథనం పది పత్రికల్లో వచ్చినా అది ఒక్క ఆధారమే. వార్త కనిపించనంత మాత్రాన జరగలేదనీ అనుకోకూడదు. అమెరికా పైలట్ హారియెట్ క్వింబీ విమానం నడుపుతూ ఇంగ్లిష్ చానల్ దాటింది 1912 ఏప్రిల్ 16న, టైటానిక్ మునిగిన మర్నాడు. దినపత్రికల్లో ఆమెకు చోటెక్కడిది? అలాంటప్పుడు విమాన పత్రికలు, ఏరో క్లబ్బుల రిజిస్టర్లు చూడాలి. రేసులకైతే నిర్వాహకుల ఫలితాల పట్టిక చాలు.

ఇంత వెతికినా 'తొలి'కి ఆధారం దొరక్కపోతే ఆ మాట తీసేసి చేసిన పని, ఏడాది, చోటు రాయండి. 'అవకాశం ఉంది', 'అని అంటారు' అంటూ అనుమానాన్ని నీళ్లు కలిపి వదలకండి. తర్వాత కాపీ కొట్టేవాళ్లు ముందు తీసేసేది ఆ మాటలనే.