ఆకుపిట్టను ముందు చెవితో పట్టుకోండి

‘అర్ధం’ అంటే సగం, ‘అర్థం’ అంటే భావం. పలికేటప్పుడు ఈ తేడా చూపేవాళ్లు తక్కువ. అచ్చులో మాత్రం ‘థ’ పొట్టలోని చుక్కదే తీర్పు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు ఒక దినపత్రికకు ప్రూఫులు దిద్దుతూ ఆ చుక్కల వెంట పడ్డాను. రిటైరయ్యాక పక్షుల పిచ్చి పట్టినప్పుడు, ఈ కళ్లకు పిట్టలొక లెక్కా అనుకున్నాను. మా మూడో అంతస్తు బాల్కనీ ముందున్న వేపచెట్టు నా పొగరు అణచడానికి రెండు చలికాలాలు తీసుకుంది.

ఆకుపిట్ట అన్నది నేను పిలుచుకునే పేరు. పక్షులు చూసేవాళ్లు లీఫ్ వార్బ్లర్ అంటారు. ప్రజాతి పేరు ఫిల్లోస్కోపస్, గ్రీకులో ఆకులను గాలించేది అని అర్థం (చుక్క పెట్టాను, చూసుకోండి). ఈ ప్రజాతిలో ఎనభై దాకా జాతులున్నాయి. చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: పైన పాచిరంగు, కింద మాసిన తెలుపో పసుపో, కంటి మీద పాలిపోయిన గీత. మన ఇళ్ల దగ్గర సులువుగా దొరికేది గ్రీనిష్ వార్బ్లర్. పది సెంటీమీటర్ల పిట్ట, పది రూపాయల నాణెమంత బరువు. దీనితోనే మొదలుపెట్టండి. మిగతా వాటి జోలికి మొదటి ఏడాది పోవద్దు.

హిమాలయాల్లో, ఇంకా ఉత్తరాన సైబీరియా అడవుల్లో గూళ్లు పెట్టుకునే ఈ పిట్ట ఇంచుమించు దసరా రోజులకు మన చెట్ల మీదికి చేరుతుంది. ఉగాది దాటాక తిరుగు ప్రయాణం కడుతుంది. కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఏ రోజైనా మంచిదే. పొద్దున్నే ఎండ చెట్టు కొసలకు తగిలే వేళ కూర్చోండి. వేప, చింత, నిద్రగన్నేరు వంటి పెద్ద చెట్టు చాలు, అడవికే పోనక్కర్లేదు. వీలైతే మేడ మీద నుంచి చూడండి. ఇది చెట్టు పైభాగాన తిరిగే పిట్ట. కింద నిలబడి తల ఎత్తి చూస్తే పావుగంటలో మెడ పట్టేస్తుంది.

బైనాక్యులర్ పక్కన పెట్టండి. ఈ మాట ఎవరికి చెప్పినా ముఖం చిట్లిస్తారు. నేనూ చిట్లించాను. కానీ ఆకుల మధ్య క్షణం నిలవని పిట్టను అద్దాల్లో వెతికితే మీకు కనిపించేది ఆకులే. టీ తాగుతూ వినండి. మా మనవడికి నడక వచ్చిన కొత్తలో కీచు చెప్పులు కొన్నాం. అడుగు వేస్తే ఒక కీచు, ఎత్తితే ఇంకొకటి. గ్రీనిష్ పిలుపు అచ్చం అదే, కాకపోతే ఇంకా సన్నగా, త్వరగా: ‘చిస్-విట్’. కాసేపు ఆగి మళ్లీ ‘చిస్-విట్’. దర్జీ పిట్ట అయితే ఒకే కూతను గొంతు చించుకుని వరసగా అరుస్తుంది. కింద పొదల్లోంచి నాలుకతో కొట్టినట్టు ‘టక్, టక్’ అని వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, వేరే కుటుంబం.

ఒక్కసారి ఆ కీచు చెవిలో పడిందంటే ఇక వద్దన్నా వినిపిస్తుంది. బస్టాండులో, ఆసుపత్రి ఆవరణలో, పెళ్లి మంటపం వెనకాల.

చలికాలమంతా అది అలా పిలవడానికి కారణం ఉంది. వలస వచ్చిన చోట కూడా ప్రతి పిట్టా తనకంటూ కొన్ని చెట్లు పట్టుకుని, ఇవి నావి అని చాటుకుంటుంది. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త మన తూర్పు కనుమల్లోనే వీటి చలికాలపు బతుకును గమనించి 1981లో ప్రచురించారు. ఆయనే మరో ఇద్దరితో కలిసి 2001లో చూపించింది ఇంకా విడ్డూరం. టిబెట్ పీఠభూమి చుట్టూ ఈ పిట్టల పాటలు చోటు మారిన కొద్దీ కొంచెం కొంచెం మారుతూ పోతాయి. పడమటి అంచు నుంచి, తూర్పు అంచు నుంచి ఉత్తరంగా పాకిన రెండు శాఖలూ సైబీరియాలో కలిసేసరికి ఒకదాని పాటను మరొకటి తనదిగా గుర్తించదు. ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు, అందరూ ఒకటే అనుకున్న అక్కడి ఆకుపిట్టను మూడు జాతులుగా 1768 నాటికే విడదీశాడు. ఆయనకు దారి చూపింది కూడా పాటే.

పిలుపు వచ్చిన కొమ్మ తెలిశాక బైనాక్యులర్ ఎత్తండి. గాలి లేకుండా కదిలే ఆకు దగ్గర ఆగండి. కంటి మీది పొడవాటి గీత ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత రెక్క మీద సన్నని తెల్లగీత ఒకటి కనిపించవచ్చు, ‘థ’లో చుక్కంత. కనిపించవచ్చు అని ఎందుకన్నానంటే, ఈకలు అరిగితే ఆ గీత చెరిగిపోతుంది. రెండో ఏడు ఒక ఫిబ్రవరిలో గీత లేని పిట్టను చూసి, కొత్త జాతి దొరికిందని సంబరపడి, పక్షులు చూసేవాళ్లు పంచుకునే జాబితాకెక్కించాను. అలాంటి జాబితాలను సరిచూసే కుర్రవాడు ఎంతో మర్యాదగా ఒకే ప్రశ్న రాశాడు: “పిలుపు విన్నారా అండీ?” వినలేదు. మర్నాడు విన్నాను. చిస్-విట్. నా జీవితంలో ఇంకొకరు దిద్దిన మొదటి ప్రూఫు అది.

ఫోనులో మెర్లిన్ యాప్ పెట్టుకుంటే కూతను బట్టి పేరు చెబుతుంది. ముందు మీరు పేరు అనుకుని తర్వాత దాన్ని అడగండి, లేకపోతే చెవి సోమరిదవుతుంది. రికార్డు చేసిన పిలుపు వినిపించి పిట్టను రప్పించడం మాత్రం వద్దు. ఎవరో తన చెట్టు మీదికి వచ్చారని పురుగులు ఏరుకోవడం మానేసి వెతుక్కుంటుంది పాపం.

గ్రీనిష్ బాగా వంటబట్టాక రాళ్ల గుట్టలకు వెళ్లండి. అక్కడ బండల మీద, చెట్ల మొదళ్ల మీద పాకుతూ తిరిగే ఆకుపిట్ట ఒకటి కనిపిస్తే, పొట్ట పసుపుగా ఉండి రెక్క మీద గీత లేకపోతే, అది సల్ఫర్-బెల్లీడ్ వార్బ్లర్. దాని పిలుపు కీచు కాదు, మెత్తగా ఒకే ముక్క.